సంతలో పోయే పేరు: అరకు అరబికాపై మూడు కోతల అనుభవం

మన్యంలో వారపు సంతకు ఎండు కాఫీకాయల మూట మోసుకొచ్చిన రైతు దాన్ని కాటా మీద పెట్టే క్షణం వరకూ ఆ సరుకుకు ఒక చిరునామా ఉంటుంది. ఫలానా కొండవాలు, ఫలానా సిల్వర్ ఓక్ నీడ, ఫలానా ఇంటివాళ్లు కోసిన అరబికా జాతి కాఫీ. కాటా మీది నుంచి దించి పక్కనున్న కుప్పలో గుమ్మరించాక అది ఉత్త కాఫీ. ఆ కుప్పలో పండినవీ పచ్చివీ, బాగా ఎండినవీ బూజు పట్టినవీ కలిసిపోతాయి. సాయంత్రానికి లారీ ఘాట్ దిగుతుంది. విశాఖపట్నం చేరేసరికి ఆ కాయలు ఏ ఊరివో, ఏ ఎత్తున పండాయో, ఎవరు కోశారో చెప్పగలిగేవారు ఉండరు. తర్వాత ఎవరో దాన్ని పొట్టు తీసి, వేయించి, పొట్లం కట్టి, దాని మీద మళ్లీ ‘అరకు’ అని అచ్చు వేస్తారు.

నేను కాఫీ తొలిదశ శుద్ధిలోనూ రుచి పరీక్షలోనూ పనిచేసేవాణ్ణి. పాడేరు ఏజెన్సీలో ముప్పైకి పైగా గిరిజన కుటుంబాలున్న ఒక రైతు బృందంతో 2022-23 నుంచి 2024-25 వరకు మూడు కోతకాలాలు కలిసి పనిచేశాను. వాళ్లు నన్ను పిలిచింది ఒకే మాట కోసం: ‘మా కాఫీకి భౌగోళిక గుర్తింపు ఉందంటున్నారు, అది మా చేతికి ఎలా వస్తుంది?’ భౌగోళిక గుర్తింపు అంటే ఒక ప్రాంతపు పేరును ఆ ప్రాంతపు సరుకుకే కట్టిపెట్టే చట్టపు రక్షణ. వాళ్ల ప్రశ్నకు మేము వెతికిన జవాబే ఈ కేసు. ఊరి పేరు, రైతుల పేర్లు, కొనుగోలుదారుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవి చెప్పుకునే హక్కు వాళ్లది.

పేరు ఎవరిది

2019 మార్చిలో ఐదు భారతీయ కాఫీలకు భౌగోళిక గుర్తింపు దక్కినట్టు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. కూర్గ్ అరబికా, వయనాడ్ రోబస్టా (ఇది వేరే కాఫీ జాతి), చిక్‌మగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికాలతో పాటు అరకు వ్యాలీ అరబికా అందులో ఉంది. దరఖాస్తు చేసింది కాఫీ బోర్డు. అరకు కాఫీ గురించి ఆ ప్రకటన చెప్పింది క్లుప్తంగా ఇది: విశాఖపట్నం జిల్లా, ఒడిశా ప్రాంతపు కొండల్లో, సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, గిరిజనులు సేంద్రియ ఎరువులతో, పచ్చిరొట్టతో, సేంద్రియ పద్ధతిలో చీడపీడలను అదుపు చేస్తూ పండించే అరబికా. ఇందులో ప్రతి మాటకూ బరువుంది. ‘అరకు లోయ’ అన్నంత మాత్రాన అరకు మండలం ఒక్కటే కాదు. రాష్ట్రాల సరిహద్దు కూడా దీనికి గీత కాదు. ఎత్తు ఒక గీత, అరబికా అన్నది రెండో గీత, పండించే పద్ధతి మూడో గీత.

చాలామంది రైతులు, కొందరు అధికారులు కూడా, గుర్తింపు వచ్చింది కాబట్టి ఇక అందరికీ వచ్చేసినట్టే అనుకుంటారు. అలా కాదు. 1999 నాటి చట్టం, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్నది, రెండు మెట్లు పెట్టింది. చెన్నైలోని రిజిస్ట్రీలో పేరు నమోదు కావడం మొదటి మెట్టు. ఆ పేరును వాడుకునేవారు ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు చేసుకోవడం రెండో మెట్టు. మొదటి మెట్టును కాఫీ బోర్డు ఎక్కింది. రెండో మెట్టును ఎవరికి వారే ఎక్కాలి. 2020లో నిబంధనలు సవరించి ఈ దరఖాస్తు రుసుమును 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. కాబట్టి డబ్బు అడ్డు కాదు. అసలు అడ్డు వేరేచోట ఉంది.

చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అన్న మాటకు ఇచ్చిన అర్థం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వ్యవసాయ సరుకు విషయంలో పండించేవారే కాదు, దాన్ని శుద్ధి చేసేవారు, పొట్లం కట్టేవారు కూడా ఉత్పత్తిదారులే. కాగితాలు చూసుకోవడానికి ఒక గుమాస్తా, ఒక న్యాయవాది, ఒక కంప్యూటర్ ఉన్న వ్యాపారికి రెండో మెట్టు మామూలు నడకలో ఒక అడుగు. ఫోను సిగ్నలు కోసం గుట్టెక్కాల్సిన రైతుకు అదే మెట్టు మోకాలి ఎత్తు. రైతు ఎక్కకుండా మిగతావాళ్లే ఎక్కితే, చట్టప్రకారం తప్పేమీ జరగకుండానే పేరు కొండ దిగిపోతుంది.

అదే చట్టంలో ఇంకొక నియమం ఉంది. దాన్ని బృందం సమావేశంలో చెప్పినప్పుడు అందరూ వెంటనే అందుకున్నారు. భౌగోళిక గుర్తింపు పేరును అమ్మడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికి వీల్లేదు, మరొకరికి బదలాయించడానికి వీల్లేదు. నమోదైన వ్యక్తి మరణిస్తే మాత్రం ఆ హక్కు వారసులకు చేరుతుంది. మన్యంలో 1/70 చట్టం తెలియని ఇల్లు లేదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుగోడగా నిలిచిన చట్టం అది. ‘అయితే ఇది పేరుకు 1/70 అన్నమాట’ అన్నాడు వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన. నేను గంటసేపు చెప్పినదానికంటే ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది.

కొండ ఇచ్చేది, చేతులు చెడగొట్టేది

తూర్పు కనుమలకు కాఫీ కొత్తది కాదు. 1898లో బ్రాడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో మొక్కలు నాటించాడని చెబుతారు. 1920ల నాటికి పంట అరకు, పాడేరు వైపు పాకింది. తర్వాత అటవీ శాఖ, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు ఒకరి తర్వాత ఒకరు చేయి వేశారు. పోడు కొట్టిన వాలుల్లో సిల్వర్ ఓక్ నిలిచింది, దాని కింద కాఫీ, దాని మీదికి మిరియాల తీగ.

కాఫీ గురించి తెలిసినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: 1100 మీటర్లు కూడా దాటని చోట ఇంత మంచి అరబికా ఎలా వస్తుంది, పేరున్న కాఫీలు ఇంకా ఎత్తున కదా పండేది? జవాబు అక్షాంశంలో ఉంది. భూమధ్యరేఖ దగ్గర 1800 మీటర్లకు ఎక్కితే దొరికే చలి, 18 డిగ్రీల ఉత్తరాన ఇంకా తక్కువ ఎత్తులోనే దొరుకుతుంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన పేర్లలో ఒకటైన జమైకా బ్లూ మౌంటెన్ కూడా ఇంచుమించు ఇదే అక్షాంశం మీద ఉంది. దాని హద్దు మొదలయ్యేది 3000 అడుగుల దగ్గర, అంటే మన 900 మీటర్ల దగ్గరే, అక్కడి నుంచి 5500 అడుగుల దాకా పోతుంది. చలి రాత్రులు, నీడ, నెమ్మదిగా పండే కాయ. పూత నుంచి కోత దాకా ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అలా పండిన గింజ గట్టిగా ఉంటుంది, కప్పులో పులుపు శుభ్రంగా పలుకుతుంది.

జమైకాతో పోలికను అక్షాంశంతో ఆపేయకూడదు. అక్కడ ఎగుమతయ్యే ప్రతి విడత సరుకునూ నియంత్రణ సంస్థ పరీక్షించి ధ్రువీకరిస్తుంది. అది దాటాకే చెక్క పీపాల్లో ఓడ ఎక్కుతుంది. పీపాను చూసి అందరూ ముచ్చటపడతారు. నేను మాత్రం ఆ పీపా వెనకున్న పరీక్ష గదినీ, కాగితాన్నీ తలచుకుంటాను. మన దగ్గర పేరు నమోదైంది కానీ ప్రతి బస్తా వెంట నడిచే అలాంటి కాగితం లేదు. కాబట్టి దాన్ని ఊళ్లోనే పుట్టించాలి.

మొదటి సందర్శనలో నేను చూసిన సరుకు నిజాయితీగా చెప్పాలంటే బాధ కలిగించింది. మొక్కలు ఆరోగ్యంగా ఉన్నాయి, నీడ ఉంది, పశువుల ఎరువు తప్ప మరొకటి ఎరగని నేల. కానీ కోత ఒక్కసారే. కొమ్మను పట్టుకుని పై నుంచి కిందికి దూసేస్తే ఎర్రవీ పచ్చివీ కలిసి బుట్టలో పడతాయి. వాటిని ఇంటి ముందు మట్టి నేల మీద, కోళ్లు తిరిగేచోట, తొక్క తీయకుండా కాయ రూపంలోనే ఎండబెడతారు. కొండ తొమ్మిది నెలలు కష్టపడి చేసిన పని తొమ్మిది రోజుల్లో పోతుంది.

అది వాళ్ల తెలియనితనం అనుకున్నవాళ్లకు ఒక అవ్వ చెప్పిన మాట వినిపించాలి. ఆమె నన్ను సూటిగా అడిగింది: ‘బాబూ, ఎర్రపండే కోయమంటావు. అలాగైతే ఒకే చెట్టు దగ్గరికి నాలుగుసార్లు కొండెక్కాలి. సంతలో ఎరుపుకీ పచ్చికీ ఒకటే ధర. ఆ మూడుసార్లు ఎక్కిన కూలి ఎవరిస్తారు?’ నా దగ్గర జవాబు లేదు. ఆమె లెక్క సరైనది. పైగా పంట చేతికి రాకముందే షావుకారు ఇచ్చిన అప్పు తీర్చడానికి కాయ ఎంత త్వరగా సంతకు చేరితే అంత మంచిది.

పుస్తకం

బృందం ముందు ధ్రువపత్రం కావాలంది. నేను ముందు పుస్తకం కావాలన్నాను. ఇద్దరి మధ్యా రెండు సమావేశాల పాటు వాదన నడిచింది. నా వాదన ఒకటే: ధ్రువపత్రం గోడకు వేలాడుతుంది, కొనేవాడు అడిగేది బస్తా గురించి. ఈ బస్తాలోది మీదేనని రేపు ఎవరైనా కాదంటే ఏం చూపిస్తారు? చివరకు రెండూ కలిపి చేద్దామని ఒప్పుకున్నాం.

మొదటి కోతలో చేసిన మార్పు పైకి చిన్నది. ఊళ్లో ఒకేచోట చేతితో తిప్పే చిన్న పల్పర్, అంటే పండు తొక్క ఊడదీసే యంత్రం, పెట్టాం. ఎర్రపండు తెస్తే తూకం వేసి అదే రోజు డబ్బు. ఆ డబ్బు మహిళా పొదుపు సంఘం అప్పు నుంచి వచ్చింది. అదే రోజు డబ్బు అన్నదే ఈ మొత్తం కేసుకు ఇరుసు. వారం తర్వాత ఎక్కువ ఇస్తామంటే ఎవరూ రారు, ఈ సాయంత్రమే సంత ధరకు కొంచెం మించి ఇస్తే అందరూ వస్తారు. నాలుగుసార్లు కొండెక్కిన కూలి అలా దొరికింది. అవ్వ మొదటి వారంలోనే వచ్చింది.

శుద్ధి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పాఠ్యపుస్తకం మమ్మల్ని తప్పుదారి పట్టించింది. తెచ్చిన పండ్లను నీళ్లలో పోస్తే తాలువి తేలతాయి, వాటిని తీసేయాలి. మునిగినవాటి తొక్క పల్పర్‌లో ఊడుతుంది. గింజ చుట్టూ మిగిలిన జిగురును తొట్టిలో పులియబెట్టి వదిలించాలి. అరబికాకు ఒక రోజు, ఒకటిన్నర రోజు చాలని మాకందరికీ నేర్పారు. కానీ డిసెంబరులో ఆ ఊరి రాత్రుల చలికి తొట్టి పక్కన నిలబడితే పళ్లు టకటకమంటాయి. ఆ చలిలో పులియడం నత్తనడక నడుస్తుంది. గడియారం చూసి మొదటి రెండు తొట్లు కడిగేశాం. జిగురు పూర్తిగా వదల్లేదు, ఎండేటప్పుడు గింజలు మచ్చలు పడ్డాయి. ఆ తర్వాత గడియారాన్ని పక్కన పెట్టి చేతిని నమ్మాం. గుప్పెడు గింజలు నీళ్లలో నలిపితే జారిపోతూ ఉంటే ఇంకా కాలేదు, గులకరాళ్లలా గరగరమంటే అయింది. ఆ చప్పుడును నాకంటే బాగా పట్టుకున్నది పల్పర్ దగ్గర పనిచేసిన ఇద్దరు అమ్మాయిలు. రెండో వారం నుంచి తొట్టి ఎప్పుడు కడగాలో నేను చెప్పడం మానేశాను.

ఎండబెట్టడానికి వెదురుతో నడుము ఎత్తు బల్లలు కట్టి వాటి మీద వల పరిచాం. పలచగా పరచాలి, గంటకోసారి కలపాలి, సూర్యుడు దిగకముందే టార్పాలిన్ కప్పాలి, లేకపోతే పగలంతా పోయిన తేమ మంచుతో తిరిగొస్తుంది. తేమ 10 శాతానికి దిగేదాకా సంచికి ఎత్తకూడదు. పల్పర్ నుంచి వచ్చే తొక్కనీరు వాగులో కలిస్తే చేపలు చస్తాయి, కింద ఊరివాళ్లు తిడతారు, తిట్టడం న్యాయం కూడా. అందుకని గొయ్యి తవ్వి నీటిని అక్కడే ఇంకించాం. తొక్కను పేడతో కలిపి ఎరువు చేశాం.

ఇక పుస్తకం. ఎవరు, ఏ తోట, ఏ రోజు, ఎన్ని కిలోల పండు. పక్కన ఏ తొట్టి, ఏ బల్ల. చివర ఎన్ని కిలోల పార్చ్‌మెంట్ (పలచని పైపొరతో ఎండిన గింజ) దిగింది. సుమారు ఐదు కిలోల పండుకు ఒక కిలో పార్చ్‌మెంట్ వస్తుంది. ఈ నిష్పత్తే మా కాపలాదారు. పండ్ల వైపు 500 కిలోలు రాసి, పార్చ్‌మెంట్ వైపు 130 కిలోలు కనిపిస్తే ఎక్కడి నుంచో సరుకు వచ్చి కలిసినట్టే. బయటి తనిఖీదారు రాకముందే ఆ పేజీ మనకు చెప్పేస్తుంది.

రెండో కోత: ఒక రోజు సరుకు

రెండో ఏడాది జనవరి చివర్లో పంపిన ఒక విడత నమూనా నా బల్ల మీదికి వచ్చింది. రుచి పరీక్షలో ఒక్కో నమూనాకు ఐదు కప్పులు పెడతాం. ఐదూ ఒకేలా ఉండాలి. మూడు కప్పులు అరకులా ఉన్నాయి: నిమ్మజాతి పులుపు, బెల్లపు తీపి, శుభ్రమైన ముగింపు. రెండు కప్పులు చెక్కపొట్టులా, బరువుగా, వేయించిన ధాన్యంలా ఉన్నాయి. పచ్చిగింజలను మళ్లీ పరచి చూశాను. అరబికా గింజ కోలగా ఉంటుంది, నడిమి చీలిక వంకర తిరుగుతుంది. కొన్ని గింజలు గుండ్రంగా, చీలిక నిటారుగా ఉన్నాయి. రోబస్టా.

కొనుగోలుదారు ఆ విడత వద్దన్నారు. ఆ కోపం న్యాయమైనదే, ఆయన కొన్నది అరబికా పేరు. బృందంలో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలైంది. అప్పుడు పుస్తకం తెరిచాం. ఆ బల్ల సంఖ్య పట్టుకుని వెనక్కి వెళితే ఒకే ఒక రోజు తేలింది. ఆ రోజు వరుస చివర పల్పర్ దగ్గరి అమ్మాయి రాసిన ఒక వాక్యం ఉంది: ‘ఈ రోజు చాలా పండ్లు తొక్క ఊడకుండా జారిపోయాయి.’ రోబస్టా పండు అరబికాకంటే చిన్నది. అరబికాకు బిగించిన పల్పర్ సందులోంచి అది జారిపోతుంది. ఆమెకు రోబస్టా అని తెలియదు. కంటికి కనిపించింది కనిపించినట్టు రాసింది. నేను ఇన్నేళ్లలో చదివిన నాణ్యతా నివేదికల్లో అంత విలువైన వాక్యం మరొకటి లేదు.

ఆ రోజు పండ్లు తెచ్చిన ఇళ్లు నాలుగు. వాటిలో ఒకాయన లేచి నిలబడి తనే చెప్పాడు. ఘాట్ కింది వైపు ఉండే వియ్యంకుడు రెండు బుట్టలు పంపాడు, ఇక్కడ మంచి ధర ఇస్తున్నారని. అక్కడ అరబికా కోత అయిపోయి రోబస్టా పండే సమయం అది. వియ్యంకుడి బుట్ట వెనక్కి పంపడం ఎంత కష్టమో వేరేగా చెప్పనక్కర్లేదు. ఆయనను తీసేయాలని ఇద్దరన్నారు. నేను వద్దన్నాను, పెద్దాయన కూడా వద్దన్నాడు. చివరకు కుదిరిన కట్టుబాటు ఇది: బంధువుల సరుకును కొనకుండా ఉండలేకపోతే కొనవచ్చు, కానీ వేరే తూకం, వేరే బల్ల, వేరే సంచి, అది అరకు పేరుతో పోదు. ఆ ఒక్క రోజు విడత నష్టం అందరూ పంచుకున్నారు. పుస్తకం లేకపోతే నష్టపోయేది ఒక రోజు సరుకు కాదు, ఆ ఏడాది మొత్తం.

కాగితాలు

నమోదు పని ఇంతకంటే మందకొడిగా సాగింది. అటవీ హక్కు పట్టాలో ఒక పేరు, ఆధార్‌లో మరొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పైగా 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. గుర్తింపు వివరణలో విశాఖపట్నం జిల్లా అని ఉంది, రైతు కొత్త కాగితంలో కొత్త జిల్లా. ఒక కార్యాలయంలో ఈ తేడా చూపించి దరఖాస్తులన్నీ తిరిగి చేతిలో పెట్టారు. కొండ అక్కడే ఉంది, బోర్డు మారింది అని ఎంత చెప్పినా కాగితానికి కాగితమే జవాబు కావాలి. జిల్లాల విభజన ఉత్తర్వు నకలు, తోటల ఎత్తు కొలతలు జతచేశాక ఆ అభ్యంతరం పోయింది. ఎత్తు కొలిచేటప్పుడు రెండు తోటలు 900 మీటర్లకు కాస్త దిగువన తేలాయి. ఆ ఇళ్లవాళ్లకు ఆ మాట చెప్పడం నాకు ఈ మూడేళ్లలో అన్నింటికంటే బరువైన పని. వాళ్ల పండ్లు బృందం కొంటూనే ఉంది, వేరే సంచిలో.

నేను పట్టుబట్టిన సంగతి ఒకటుంది. మొదటి జాబితాలో అందరూ మగవాళ్లే. కోసేది, కడిగేది, ఎండబెట్టేది, ఏరేది ఆడవాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఉండాలి. చాలా పట్టాల్లో అలాగే ఉంది కూడా. అందుకని పట్టాలో రెండు పేర్లున్న ప్రతి ఇంటి నుంచీ రెండు దరఖాస్తులు తయారు చేయించాం. ఎందుకింత కష్టం అని అడిగినవాళ్లకు వారసత్వపు నియమం గుర్తుచేశాను. ఈ పేరు బిడ్డలకు దక్కేది. తల్లి వైపు నుంచి కూడా దక్కాలి.

మూడో కోత: ధర పెరిగిన ఏడాది

2024 జూన్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో అరకు కాఫీ గురించి మాట్లాడారు. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లు అంతకుముందు ఏడాది మొత్తం వచ్చినవాటికంటే ఎక్కువ. ‘సరుకు ఉందా’ అని అందరూ అడిగారు. ‘ఎవరు పండించారు’ అని అడిగినవారు ఇద్దరు.

ఆ శీతాకాలంలో ప్రపంచమంతా కాఫీ ధర ఎగిసింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా పౌండు 4 డాలర్లు దాటింది. మూడో ఏడాది బృందం ఆదాయం బాగా పెరిగిన మాట నిజం. అది భౌగోళిక గుర్తింపు వల్లే అని నేను ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను. పేరు లేని కాఫీకి కూడా ఆ ఏడాది ధర పెరిగింది. మాకు అదనంగా దక్కింది రెండు చోట్ల కచ్చితంగా చూపించగలను: ఐదు కప్పులూ ఒకేలా పలికిన విడతలకు, పుస్తకం నకలు అడిగి తీసుకున్న కొనుగోలుదారు దగ్గర.

ధర పెరగడం బృందానికి పరీక్ష కూడా. వ్యాపారులు సంతదాకా ఆగకుండా గుమ్మం ముందుకే వచ్చి, పచ్చికాయను కూడా మంచి ధరకు అడిగారు. కొన్ని ఇళ్లు ఇచ్చేశాయి. ఒకాయన కూతురి పెళ్లి, ఇంకొకరి ఆసుపత్రి ఖర్చు. పట్టణంలో కూర్చుని వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. వాళ్లలో సగానికి పైగా కోత ముగిసేలోపే తిరిగి ఎర్రపండుతో వచ్చారు. పల్పర్ దగ్గరి వరుసలో వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడాదే ఇంకొక వివాదం వచ్చింది, దీని మీద తెలుగువాళ్లు మాట్లాడుకోవాల్సిన అవసరం ఉందని నా అభిప్రాయం. ఒక కొనుగోలుదారు మా కాఫీని చికోరీతో కలిపి, పొట్లం ముందు వైపు పెద్ద అక్షరాలతో అరకు అని వేస్తామన్నారు. మన ఇళ్లలో ఫిల్టర్ కాఫీకి చికోరీ అలవాటే, దానిలో తప్పు లేదు. ఆహార నిబంధనల ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ శాతాన్ని పొట్లం మీద చెప్పాలి. కానీ రిజిస్ట్రీలో నమోదైనది అరబికా కాఫీ, చికోరీ కాదు. హవాయి దీవుల్లో కోనా అనే ప్రాంతపు కాఫీ పేరుకు జరిగింది నాకు తెలుసు. అక్కడి చట్టం 10 శాతం కోనా ఉన్నా మిశ్రమం మీద ఆ పేరు వేసుకోనిచ్చింది. దశాబ్దాల తరబడి అక్కడి రైతులు పోరాడాక, 2024లో చేసిన చట్టంతో 2027 నుంచి ఆ హద్దు 51 శాతానికి మారుతోంది. ఒకసారి పలచబడిన పేరును తిరిగి చిక్కబరచడానికి ఒక తరం పట్టింది.

బృందం రెండు రాత్రులు చర్చించింది. ఆ కొనుగోలుదారుకు చెప్పిన జవాబు ఇది: మిశ్రమం చేసుకోండి, కాఫీ ఎంతో చికోరీ ఎంతో అరకు అన్న అక్షరాలంత పెద్దగా ముందు వైపే వేయండి, లేదా మా పేరు వేయకండి. ఆయన ఒప్పుకోలేదు. ఆ సరుకు వేరేచోటికి, కొంచెం తక్కువకు పోయింది. డబ్బు లెక్కలో అది నష్టమే. ఓటు వేసినప్పుడు ఆ నష్టం ఎంతో అందరికీ తెలుసు. నేను ఆ సంఖ్యను ముందే పలక మీద రాసిపెట్టాను.

ఇప్పుడు పుస్తకంలో ఉన్నది

2025లో అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు బయటపడింది. అరబికా కాండాన్ని తొలిచే పురుగు మాకు పాత శత్రువు, దీన్ని మాత్రం ఈ కొండల్లో అప్పటిదాకా చూడలేదు. ఆవగింజకంటే చిన్న నల్లపురుగు, కాయ కొనలో రంధ్రం చేసి గింజలోపల పిల్లలు పెడుతుంది. చెట్టు మీద మిగిలిన కాయల్లో, నేల రాలిన కాయల్లో, సరుకు మోసిన పాత గోనెసంచుల్లో దాక్కుని ఊరి నుంచి ఊరికి పోతుంది. దూసి కోసిన తోటలో కింద పడి మిగిలిపోయే కాయలు ఎక్కువ. నాలుగుసార్లు తిరిగి ఏరి కోసి, రాలినవి కూడా ఎత్తేసే తోటలో దానికి తావు తక్కువ. ఎర్రపండు నియమం మేము రుచి కోసం పెట్టుకున్నాం, అది ఇప్పుడు వేరే పనికి వచ్చింది.

గోనెసంచుల గురించి అడిగింది పల్పర్ దగ్గరి ఆ అమ్మాయే. వ్యాపారుల సంచులు ఎక్కడెక్కడో తిరిగి వస్తాయి కదా, అవి మన కల్లంలోకి ఎందుకు రావాలి అని. ఈ కోత మొదలయ్యే ముందు ఆమె పుస్తకంలో గీతలు గీసి ఒక కొత్త గడి చేర్చింది. తోట పేరు, తేదీ, తూకం తర్వాత ఇప్పుడు ‘సంచి ఎక్కడిది’ అని ఉంది. మొదటి పేజీలో ఆ గడిలో ఏడు చోట్ల ‘మన ఇంటిది’ అని, ఒకచోట ‘తెలియదు, వెనక్కి పంపాను’ అని రాసి ఉంది.